ఏటిగట్టున తవ్విన మట్టి

మా పెరట్లో నుంచుని నాలుగడుగులు వేస్తే పంటకాలవ. గేదెల్ని కడిగేదీ అందులోనే, పిల్లలు ఈత నేర్చేదీ అందులోనే, వినాయకుణ్ణి ముంచేదీ అందులోనే. అలాంటి కోనసీమ మనిషి పోస్టాఫీసులో సెలవు పెట్టి, రెండు రైళ్లు మారి, అనంతపురం జిల్లాకు ఏరు చూడ్డానికి వెళ్తున్నానంటే మావాళ్లు నవ్వారు. తిరిగొచ్చి నెల దాటింది. కనబడ్డ ప్రతివాళ్లూ "ఏరు బాగుందా?" అని అడుగుతున్నారు. బాగుందని చెప్పి తప్పించుకుంటున్నాను. నోటితో చెప్పలేనిది కనీసం కాగితం మీదైనా పెడదామని కూర్చున్నాను.

ఊరి పేరు రాయను. ఏటి పేరూ రాయను. కంబదూరుకు అవతల, పెన్నలో కలిసే చిన్న ఏరు అనుకోండి, చాలు. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

కళ్యాణదుర్గం

నన్ను పిలిచింది సరళ. డిగ్రీలో నా పక్క బెంచీ. పెళ్లి చేసుకుని కళ్యాణదుర్గంలో స్థిరపడి అక్కడే బడిపంతులమ్మ అయింది. "నీ కాలవ గొప్పలు విని విని చెవులు చిల్లులు పడ్డాయి, ఒకసారి మా ఏరు చూద్దువు రా" అని ఉత్తరం మీద ఉత్తరం రాసేది.

బస్సు దిగగానే హోటల్‌కి తీసుకెళ్లింది. ఉగ్గాని పెట్టించింది. బొరుగుల్ని, అదే మన మరమరాల్ని, నీళ్లలో ముంచి పిండి, పోపులో తిప్పి, పైన వేయించిన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు ఐదు రూపాయలు. బజ్జీ కొరికాక నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. సరళ మాత్రం తొణకకుండా మూడు లాగించింది.

తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి డ్రమ్ము దగ్గరికి వెళ్లి, మా ఇంట్లో అలవాటు కొద్దీ చెంబు మీద చెంబు గుమ్మరించుకున్నాను. హోటలాయన లోపలినుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, చెయ్యి కడిగేకి అన్ని నీళ్లా? ఆ నీళ్లతో మా ఇంట్లో అందరూ మొగం కడుక్కుంటారు. యా ఊరు మీది?"

"గోదావరి వైపు" అన్నాను.

"అద్దో, అదీ సంగతి! నీళ్లు చూసి చూసి యాష్టకొచ్చి, ఇసుక చూసేకి వచ్చినట్లుండారు."

కోపం నా ముక్కు మీదే ఉంటుంది కానీ ఆయన మాటలో విషం లేదు. డ్రమ్ము మీద మూత బిగించి ఆయనే ఫక్కున నవ్వాడు. ఆ డ్రమ్ములో నీళ్లు బిందె రెండు రూపాయలకు కొన్నవట. మా ఊళ్లో నీళ్లకు డబ్బులడిగితే పిచ్చివాడి కింద లెక్కగడతారు.

కంబదూరు దారిలో

జీపులో పది మంది పట్టే చోట ఇరవై మందిమి. నా పక్కన ఒక గొర్రెల కాపరి, ఒళ్లో గొర్రెపిల్లను పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల కొంతదూరం బుద్ధిగానే ఉంది. తర్వాత నా చీర మీద తన పని కానిచ్చింది. నేను కెవ్వుమన్నాను. ఆయన తలగుడ్డ విప్పి నా చేతికిచ్చాడు.

"తుడుచుకోమ్మా. ఈ సంవచ్చరం ఈ దావలో పడిన తడి ఇదొక్కటే."

జీపంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూ బయటికి చూస్తే నవ్వు ఆగిపోయింది. శ్రావణం వచ్చేసింది. మా వైపు ఊడ్పులు అయిపోయి చేలు పచ్చగా ఉంటాయి. ఇక్కడ ఎర్రటి నేల, మధ్యమధ్య గుండ్లు, దున్ని విత్తకుండా వదిలేసిన చేలు. తొలి చినుకుకు ఆశపడి వేరుశనగ విత్తినవాళ్ల చేలల్లో మొక్కలు జానెడు కూడా లేవక మాడి ఉన్నాయి. పైన మబ్బులు మాత్రం బోలెడన్ని, గబగబా ఎటో పోతున్నాయి.

"మోడాలు వస్తాండాయి, పోతాండాయి" అన్నాడు కాపరి. "నిలిచేది లేదు. ఇది వరసగా రెండో ఏడు. గొర్రెలకి ఆకు లేదు, మనుషులకి కూలి లేదు. సగం ఊరు బెంగళూరులో ఇటికెలు మోస్తాండాది."

కంబదూరులో దిగి టీ తాగాం. బొటనవేలంత గ్లాసులో పాకంలాంటి టీ, రూపాయి. అక్కడినుంచి నడక.

ఇసుక

కంపచెట్లు దాటి, దిబ్బ దిగి, మెత్తటి ఇసుకలో అడుగుపెట్టాం. ఎంతసేపు నడిచినా ఇసుకే. చెప్పులు చేతిలో పట్టుకుని, ఓపిక నశించి, "ఇంతకీ ఏరేదే?" అని అరిచాను.

"నీ కాళ్ల కింద" అంది సరళ.

నేను కదల్లేదు. ఇది ఏరా? ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఎండలో మెరుస్తున్న ఇసుక. నీటి జాడ చుక్కయినా లేదు. బండి చక్రాల గాడి నిలువునా పోయింది. నది అనే మాటకు నాకు తెలిసిన అర్థమంతా ఒక్కసారిగా ఖాళీ అయింది.

ఇసుక మధ్యలో ఒకామె గుంటలో నడుముదాకా దిగి ఉంది. మమ్మల్ని చూసి పైకి లేచింది. ఓబుళమ్మ. నలభై ఏళ్లుంటాయి. ఆమె కొడుకు ఒకప్పుడు సరళ దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు తండ్రితో కలిసి బెంగళూరులో కట్టుబడి పనిలో ఉన్నాడు. ఈమె ఒక్కతే ఇక్కడ రెండెకరాల చేను చూసుకుంటోంది. రెండు రోజులు మాకు ఆతిథ్యం ఈమె ఇంట్లోనే.

"వచ్చినారా టీచరక్కా! రొంత ఆగండి, బిందె నిండల్ల."

గుంట అడుగున అరచేతిలో పట్టేంత నీళ్లు ఊరుతున్నాయి. దీన్ని చెలమ అంటారు. కొబ్బరిచిప్పతో తోడి, గుడ్డ అడ్డం పెట్టి బిందెలో పోస్తుంది. మళ్లీ ఊరేదాకా కూర్చుంటుంది. ఎవరు తవ్విన చెలమ వాళ్లది, ఇంకొకరు చిప్ప ముంచరు. బిందె నిండాక చివరి చిప్ప నీళ్లు మళ్లీ చెలమలోనే పోసి, దండం పెట్టి, పైన కంప కప్పి వస్తారు. అంత కష్టపడి తోడి మళ్లీ పోయడమేమిటని అడిగాను.

"ఇచ్చేదానికి ఇయ్యకుంటే ఎట్లక్కా" అంది.

నాకు ఆమె ఆ మాటతోనే నచ్చేసింది. పక్కనే ఇంకో నలుగురు ఆడవాళ్లు చెలమల దగ్గర ఉన్నారు. వాళ్లు మాతో మాట్లాడారు గానీ ఓబుళమ్మతో మాట్లాడలేదు. పొరపాటున కూడా ఆమె వైపు చూడలేదు. ఏవో చెలమ తగాదాలు అనుకున్నాను.

ఓబుళమ్మ ఇంట్లో

రాగి సంగటి ముద్ద, ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి, ఉలవచారు. సంగటిని నమలకుండా మింగాలట. నేను నమిలాను. పళ్లకు అతుక్కుపోయి నోరు తెరవలేకపోతే ఓబుళమ్మ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. మేమున్న రెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే చూశాను.

తిని లేస్తుండగా వీధిలో తప్పెట మోగింది. చాటింపు. "రేపు పొద్దున్నే ఇంటికొక మొగోడు ఏటిగట్టుకి రావల్ల, వాన కోసరం" అని చెప్పుకుంటూ పోయాడొకడు. నాకు ఉత్సాహం వచ్చేసింది. మా వైపు కప్పను రోకలికి కట్టి ఊరేగిస్తారు, ఇక్కడ ఏం చేస్తారో చూడొచ్చు అని. "మనమూ వెళ్దామా ఓబుళమ్మా?" అన్నాను. ఆమె తలుపు పట్టుకుని నిలబడిపోయింది. మొహంలో రక్తం లేదు.

ఇంతలో ఊరి పెద్దలు నలుగురు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. వాళ్లలో గంగప్ప అనే ముసలాయన మాట్లాడాడు.

"ఓబుళా, రేపు మీ నాయన్ని తీస్తాం. నువ్వే తీయించితే మర్యాద. లేకుంటే ఊరే తీస్తాది."

నాకు అర్థం కాలేదు. సరళకు అర్థమైంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెప్పింది. ఓబుళమ్మ తండ్రి అంజినప్పకు తొన్ను ఉండేది. అదే, మనం బొల్లి అంటాం, ఒంటి మీద తెల్లమచ్చలు. తొన్ను ఉన్నవాళ్లని పూడిస్తే ఆ ఊరి మీద మబ్బు నిలవదని ఇక్కడ కొన్ని ఊళ్లలో నమ్మకం. వాన పడకపోతే ఆ శవాన్ని తవ్వి తీసి కాలుస్తారు. రెండేళ్ల కిందట అంజినప్ప పోయినప్పుడే కాల్చమన్నారు. మా వాళ్లలో పూడ్చేదే ఆచారమని ఓబుళమ్మ ఒప్పుకోలేదు. ఏటిగట్టున సొంత చేలో పూడ్చింది. ఆ రెండేళ్లూ వాన లేదు.

ఇరవైయొకటో శతాబ్దమని మేం వీధివీధినా బాణసంచా కాల్చి ఎన్నేళ్లో కాలేదు. వీధి చివర ఎస్టీడీ బూతు ఉంది. ఆ బూతు ఉన్న వీధిలోనే అరుగు మీద కూర్చుని, రేపు ఒక మనిషిని సమాధిలోంచి తవ్వుతామని సౌమ్యంగా చెబుతున్నారు!

"మా నాయన ఊరికి ఏం చేసినాడప్పా?" అంది ఓబుళమ్మ. "ఎవురి చేనికైనా అడ్డం పోయినాడా? చచ్చినోణ్ణి చావనియ్యరా?"

"ఆ పొద్దు నీ మాట విన్నాం" అన్నాడు ఇంకొకాయన. "ఇంగ వినేది లేదు. ఒప్పుకోకుంటే నీ చేను విత్తేకి ఎవురూ గొర్రు కట్టరు. ఏట్లో నువ్వు చెలమ తీసేదానికీ లేదు."

నేనాగలేకపోయాను. లేచి నిలబడి, నేను బీయస్సీలో చదివిందంతా ఏకరువు పెట్టాను. చర్మంలో రంగు తగ్గితే వచ్చేదే ఆ మచ్చ, అంటుకోదు, దానికీ మబ్బుకూ సంబంధమేమిటి, బుద్ధుందా మీకు అని కూడా అన్నాను. వాళ్లు కోప్పడలేదు. చివరిదాకా విన్నారు. గంగప్ప నావైపు జాలిగా చూశాడు.

"నువ్వు చదువుకున్నదానివి తల్లీ. నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. మీకి వాన రాకున్నా కాలవొస్తాది. మాకి వానొక్కటే దావ. అన్నీ చేసి చూసినాం. దేవుళ్లకి మొక్కినాం, కప్పలకి పెండ్లి చేసినాం, గాడిదలకి చేసినాం. ఇదొక్కటే మిగిలింది."

నేను మళ్లీ కూర్చున్నాను.

వాళ్లు వెళ్లాక సరళ చెప్పులేసుకుంది. "బూతు నుంచి పోలీసులకు ఫోన్ చేస్తా, పద" అంది. ఓబుళమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"వద్దక్కా. పోలీసోళ్లు వస్తారు, పోతారు. నేను ఈడే ఉండల్ల కదా."

చేలో

పొద్దున్నే ఊరంతా గట్టు మీద ఉంది. పలుగులూ పారలూ తెచ్చారు. చేను మూలన చిన్న దిబ్బ, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. ఒకడు పలుగు ఎత్తబోయాడు. ఓబుళమ్మ దాన్ని లాక్కుంది.

"ఎవురూ ముట్టద్దండి. మా నాయన్ని నేనే తీస్తా."

కొంగు నడుముకు బిగించి తవ్వడం మొదలుపెట్టింది. ముందురోజు ఇసుకలో చెలమ తవ్వుతుంటే చూసిన అవే చేతులు. ఏడవలేదు. మధ్యలో ఒకసారి ఆగి, "నాయనా, రొంత ఓర్చుకో" అంది. సరళ అటు తిరిగి నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను చూడకూడదనుకుంటూనే చూశాను.

లోతుకు వెళ్లేకొద్దీ మట్టి తడిగా వచ్చింది. గుంట ఏటికి ఆనుకునే ఉంది మరి, ఆ లోతున తేమ ఉండదా? కానీ ఆ తడి మట్టి చూడగానే జనంలోంచి ఒక్క కేక లేచింది.

"చూసినారా! ఊరి నీళ్లన్నీ ఈయప్పే పెట్టుకున్నాడు!"

అప్పటిదాకా అనుమానంగా నిలబడ్డ కుర్రకారు కూడా చేతులు జోడించారు. ఇక్కడ నాలుగడుగుల కింద తేమ ఉంది, బావి తవ్వుకోండి అని అరవాలనిపించింది. అరిచినా వినేవాళ్లెవరు?

మిగిలింది ఎముకలూ, పంచె పేలికలూ. గంగప్ప ముందుకొచ్చి తన కొత్త తువ్వాల నేల మీద పరిచాడు. ఓబుళమ్మ ఒక్కొక్కటే తీసి అందిస్తే ఆయన అందుకుని దాంట్లో పెట్టాడు. అందరికంటే ముందు బావురుమన్నది ఆయనే.

"అంజినా, తప్పుగా అనుకోవద్దురా" అన్నాడు. వాళ్లిద్దరూ చిన్నప్పుడు కలిసి గొర్రెలు కాసినవాళ్లట. దుర్మార్గులైతే తిట్టుకుని ఊరట పొందేదాన్ని. ఇంత ప్రేమగా ఇంత పని ఎలా చేస్తారు? ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

మూట ఏట్లోకి తీసుకెళ్లి, ఇసుక మీద కంప పేర్చి, కిరసనాయిలు పోసి కాల్చారు. ఆ తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, చిప్పతో తోడుకున్న బిందెల నీళ్లు ఆ ఖాళీ గుంటలో పోసి చల్లబడు భూతల్లీ అని మొక్కారు. నిన్న ఓబుళమ్మతో మాట్లాడని ఆ నలుగురే ఆమెను పట్టుకుని ఏడ్చారు. ఒకామె తన బిందె నీళ్లతో ఆమె చేతులు కడిగింది.

మచ్చ

ఆ మధ్యాహ్నం వెళ్లిపోవాల్సింది. ఓబుళమ్మను ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. ఆమె తలారా స్నానం చేసి వచ్చి, తలుపు గొళ్లెం పెట్టి, మా ఎదురుగా కూర్చుంది. తర్వాత రవిక చెయ్యి భుజం మీదికి జరిపింది. రూపాయి బిళ్లంత తెల్లమచ్చ.

సరళ "అయ్యో" అంది.

"నాయన పోయిన ఏడే వచ్చింది" అంది ఓబుళమ్మ. "ఊర్లో ఎవురికీ తెలీదు. మా ఇంటాయనకీ తెలీదు. అనంతపురం పోయి డాక్టరుకి చూపించినా. అంటుకునేది కాదు పోమ్మా అన్నాడు. ఆ మాట మా ఊరికి వచ్చి చెప్పు సారూ అంటే నవ్వినాడు."

"మందులున్నాయి ఓబుళమ్మా" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

"మందు సంగతి కాదక్కా. మా వాళ్లల్లో పూడ్చేదే. నేను పోతే కాల్చండని ముందే చెప్పుకుంటే, యాలని అడుగుతారు. చెప్తే బతికుండంగానే నన్ను వెలేస్తారు. చెప్పకుంటే, పీనుగకి నీళ్లు పోసేటప్పుడు మచ్చ బయటపడ్తాది, ఈ పొద్దు నేను చేసిన పని రేపు నా కొడుకు చేయల్ల. ఏం చేయమంటావు?"

ఆమె నన్నే అడిగింది, చదువుకున్నదాన్నని. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, అంతే.

కూర్చుని నాలో నేను లెక్క వేసుకున్నాను. ఇంత చేసినా వాన రాలేదనుకోండి, ఇదంతా వట్టిదని ఊరికి తెలిసొస్తుంది. మళ్లీ ఎవరినీ తవ్వరు. ఓబుళమ్మ బతికిపోతుంది. ఆ సాయంత్రం అనంతపురం నేల మీద కూర్చుని, వాన రావద్దు దేవుడా అని మొక్కుకున్నాను. ఆ నేల మీద అలాంటి మొక్కు మొక్కిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. బయట గొర్రెపిల్ల ఆకలికి అరుస్తుంటే, నేనేం కోరుకుంటున్నానో అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను.

ఏరు

దీపాలు పెట్టే వేళకు గాలి మారింది. మబ్బులు ఈసారి పోలేదు. కొండ మీద నల్లగా కూర్చున్నాయి. మట్టి వాసన వచ్చింది. ఆ వెంటనే వాన, మా గోదావరి వానలకేమీ తీసిపోని వాన. జనం ఇళ్లలోంచి వీధిలోకి పరుగెత్తారు. మగవాళ్లు తువ్వాళ్లు ఎగరేశారు, ముసలమ్మలు గిన్నెలూ చెంబులూ చూరు కింద పెట్టారు. గంగప్ప వీధి మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఆకాశానికి దండం పెడుతున్నాడు. ఓబుళమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, విత్తనం కోసం దాచిన వేరుశనగకాయల మూట విప్పి వలవడం మొదలుపెట్టింది. సరళా నేనూ పక్కన కూర్చుని వలిచాం.

తెల్లవారేసరికి ఊరంతా "ఏరొచ్చింది, ఏరొచ్చింది" అని కేకలు. పరుగున వెళ్లాం. ఎర్రటి నీళ్లు నురుగు తోసుకుంటూ, కంప పుల్లల్ని ముందు పెట్టుకుని, ఇసుక మీద పాకుతూ వస్తున్నాయి. మొన్న నేను చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన చోట మోకాలి లోతు పారుతోంది. ఆడవాళ్లు పసుపూ కుంకుమా, గుప్పెడు రాగులూ నీళ్లలో వేసి గంగమ్మకు మొక్కుతున్నారు. అంజినప్పను కాల్చిన చోటి బూడిద మా కళ్ల ముందే నల్లగా ఒకసారి తిరిగి, నీళ్లలో కలిసి పోయింది.

గంగప్ప వచ్చి ఓబుళమ్మ తల మీద చెయ్యి పెట్టాడు. "ఊరిని నిలబెట్టినావు తల్లీ. మీ నాయన పోతా పోతా వాన ఇచ్చి పోయినాడు. ఇంగ మీదట ఇట్లాంటిది వస్తే ఏం చేయల్లనో మా పిల్లోళ్లకి కూడా తెలిసింది."

ఆయన గొర్రు కట్టడానికి వెళ్లిపోయాడు. ఓబుళమ్మ పసుపు నీళ్లలో వదిలి, ఎడమచేత్తో రవిక చెయ్యి కిందికి లాక్కుని, పారుతున్న ఏటినే చూస్తూ చాలా మెల్లగా అంది.

"వానొచ్చింది కదక్కా. ఇంగ నన్ను కూడా తవ్వుతారు."